పర్లాకిమిడి పిల్ల నవల: తండ్రి చావు ఎక్కడ పెట్టాలి, ఆ తర్వాత ఏం నడపాలి?

(రచయితల చర్చ; ప్రతి ముక్క పైనా ఉన్నది రాసినవారి కలంపేరు.)

కిమిడి కలం

నవల రెండో ముసాయిదాలో ఉంది. 28 అధ్యాయాలు, సుమారు 55 వేల మాటలు. కథ 1997 నుంచి 2005 దాకా. పిల్ల 1987 జూన్‌లో పుట్టింది, ఒరిస్సాలోని పర్లాకిమిడిలో (వాడుకలో కిమిడి) పెరుగుతుంది. తండ్రిది కొమ్ము పని: దువ్వెనలు, కొంగ బొమ్మలు, చేతికర్ర పిడులు. తల్లి పుట్టిల్లు గుణుపురం. తండ్రి అన్నగారు ఏటి అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో ఉంటాడు. కిమిడిలో ఉమ్మడి ఇల్లు, పాతపట్నం పక్క రెండెకరాల పొలం, రెండూ తాతగారి నాటివి. తాత పోయాడు, మామ్మ ఉంది. తండ్రి 1999 అక్టోబర్ 29 తుపానులో పోతాడు. ప్రస్తుతం అది 11వ అధ్యాయంలో ఉంది. చదివినవాళ్లు ముందు సగం సాగిందనీ, వెనక సగం ఏడుపనీ అంటున్నారు. ఎక్కడ కోయాలి? ఏం కలపాలి?

రెండో ముసాయిదా

11 చాలా ఆలస్యమండీ. 28లో 4 లేదా 5వ అధ్యాయానికి చావు అయిపోవాలి. ఈ నవల తండ్రి ఎలా పోయాడన్నది కాదు, పోయాక ఆ పిల్ల ఎవరింటి పిల్ల అన్నది. ఆ ప్రశ్న నవలకు మధ్యలో మొదలైతే మొదటి పది అధ్యాయాలూ ఉపోద్ఘాతమే అవుతాయి.

మొదటి నాలుగు అధ్యాయాల్లో తండ్రికి మూడు సన్నివేశాలు చాలు, మూడూ పనిలో ఉన్నప్పుడే. ఒకదాంట్లో పిల్లకి ఒక పని సగం నేర్పుతాడు. ఇంకోదాంట్లో ఆమె అడిగిన దానికి జవాబు చెప్పడు. మూడోదాంట్లో ఆయన ఒక తప్పు చేస్తాడు: అప్పో, అబద్ధమో, భార్య మీద కసురో. ఈ మూడోది వదిలేస్తే తండ్రి పటంలో దండ వేసిన మనిషైపోతాడు. అలాంటి మనిషి పోయినందుకు పాఠకుడికి దిగులు పుట్టదు.

వెనక సగం ఏడుపుగా ఉండటానికి కారణం కన్నీళ్లు ఎక్కువైపోవడం కాదు. ఇంట్లో పనులు చేతులు మారలేదు. కిరోసిన్‌కి వరసలో ఎవరు నిలబడుతున్నారు? రాత్రి తలుపు గడియ ఎవరు వేస్తున్నారు? కొట్టువాడు ఖాతా ఎవరి పేరున రాస్తున్నాడు? ఇవి మారుతుంటే దుఃఖం అనే మాట రాయక్కర్లేదు. ముసాయిదాలో ‘లోటు’, ‘శూన్యం’, ‘కుంగిపోయింది’, ‘గుండె బరువెక్కింది’ వెతకండి. దొరికిన ప్రతిచోటా ఎవరో ఒక పని చేస్తున్న వాక్యం పెట్టండి. పెట్టడానికి పని దొరక్కపోతే ఆ పేరానే కొట్టేయండి.

గుణుపురం బండి

తేదీ దగ్గర ఆగాలి. 1999 అక్టోబర్ 29 పెను తుపాను పారాదీప్ దగ్గర తీరం దాటింది, జగత్‌సింగ్‌పూర్ వైపు తుడిచిపెట్టేసింది. మన గంజాం, గజపతి వైపు దెబ్బ కొట్టింది అంతకు పన్నెండు రోజుల ముందు, అక్టోబర్ 17న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినది. పేపర్లలో 29 నాటిది 17 నాటిదాన్ని మింగేసింది కాబట్టి చాలామంది రెంటినీ కలిపేస్తారు. ఇక్కడి పాఠకుడు మాత్రం పట్టేస్తాడు.

కాబట్టి తండ్రిని 17న బరంపురంలో ఉంచండి, సరుకు దుకాణానికి అప్పజెప్పడానికి వెళ్లాడని. అవి దసరా రోజులు. పనిముట్లు పూజకి పెట్టే రోజులు కూడా అవే. ఇంకొకటి, 17ని మొదటి రోజుగా లెక్కిస్తే పదమూడో రోజు సరిగ్గా 29 అవుతుంది. శుభస్వీకారం నాడు రేడియోలో పారాదీప్ వార్త. మీ తేదీ వృథా పోలేదన్నమాట. కానీ ఆ వార్తకి ఒక్క వాక్యమే ఇవ్వండి. ఎవరూ ‘ఎంతమంది నాన్నలు పోయారో’ అనకూడదు దయచేసి.

మిగతా కాలం లెక్కలు:
గజపతి జిల్లా 1992 అక్టోబర్ 2న ఏర్పడింది. మీ కథలో కలెక్టర్ ఆఫీసు పర్లాకిమిడిలోనే ఉంటుంది. పెద్దవాళ్ల జ్ఞాపకంలో 1992కి ముందు పని వస్తే అది గంజాం జిల్లా, కలెక్టర్ ఆఫీసుకి ఛత్రపురం పోవాలి, బరంపురం కాదు. నౌపడ నుంచి గుణుపురం దాకా 90 కిలోమీటర్ల చిన్న బండి (నారోగేజి రైలు) 2004లో ఆగింది, పెద్ద లైను (బ్రాడ్‌గేజి) మీద బండ్లు నడిచింది 2011లో. కాబట్టి 2005లో పిల్ల గుణుపురం అమ్మమ్మగారింటికి బస్సులోనే వెళ్లాలి. మీ 26వ అధ్యాయంలో రైలెక్కించి ఉంటే దించేయండి. దరఖాస్తుల మీద రాష్ట్రం పేరు ‘ఒరిస్సా’ అనే ఉండాలి, ‘ఒడిశా’ అయింది 2011లోనే.

ఒక సలహా, వద్దనుకుంటే వదిలేయండి: ఆఖరి చిన్న బండితో నవల ముగించొద్దు. ఈ లైను మీద రాసే ప్రతివాళ్లకీ ముందు తట్టేది అదే.

దస్తావేజు

ఈ నవలకి కావలసిన నడక అంతా కాగితాల్లో ఉంది. ఎవరూ చూడరు గానీ.

మొదటిది మరణ ధ్రువపత్రం. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. తండ్రి బరంపురంలో పోతే బరంపురం మున్సిపాలిటీలో, కిమిడిలో కాదు. (కార్పొరేషన్ అయింది 2008లో, 1999లో అలా రాయకండి.) 21 రోజుల్లోపు తెలియజేయాలి. 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఏడాది దాకా అధికారి అనుమతి. ఏడాది దాటితే ఆ కాలంలో మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తుపాను హడావిడిలో 21 రోజులు దాటిపోవడం చాలా సహజం. ఆ కాగితం లేనిదే తహసీల్దారు దగ్గర వారసుల ధ్రువపత్రం కదలదు, అది లేనిదే బ్యాంకులో తండ్రి పేరున్న డబ్బు కదలదు. తల్లికి ఒడియా రాతకోతలు రాకపోతే పన్నెండేళ్ల పిల్లే ఫారం నింపుతుంది. ‘మృతుని పేరు’ అన్న గడిలో తన చేత్తో నాన్న పేరు రాస్తుంది. అది ఒక అధ్యాయం.

రెండోది ఆస్తి. ఇక్కడ మీకు తెలియకుండానే బంగారం లాంటి అమరిక కుదిరింది: ఇల్లు ఒరిస్సాలో, పొలం ఆంధ్రలో. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణతో, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, పెళ్లికాని కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005 సెప్టెంబర్ 9న. 1999లో మీ పిల్లకి ఏటికి అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క.

తాత పోయినప్పుడు ఆయన వాటాలోంచి మామ్మకి వచ్చేది పక్కన పెడితే, మద్రాసు వైపు ఆచారంలో మితాక్షర (హిందూ ఉమ్మడి ఆస్తి పంపక పద్ధతి) లెక్క ఇలా వస్తుంది. ఇంట్లో పెదనాన్నకి సగం, తండ్రికి సగం. తండ్రి సగం తల్లి, కూతురు, మామ్మ ముగ్గురికీ సమానం, అంటే తలా ఆరో వంతు. పొలంలో మాత్రం తండ్రి సగంలో ముందు కూతురికి సగం పోతుంది, మొత్తంలో నాలుగో వంతు. మిగిలిన నాలుగో వంతు ముగ్గురికీ పంచితే తలా పన్నెండో వంతు. వెరసి పొలంలో కూతురికి మూడో వంతు, తల్లికి పన్నెండో వంతు.

చూశారా, పిల్లకి ఎక్కువ రావడం తల్లికి తక్కువ రావడమే. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, పెదనాన్న వకీలుకి తప్ప. ఆయన ఎప్పుడు, ఎవరి ముందు చెబుతాడన్నది మీ చేతిలో ఉంది.

మూడోది గడువు. పిల్లకి వారసత్వంగా వచ్చిన వాటాని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మలేదు. అమ్మినా, 18 నిండాక మూడేళ్లలోపు పిల్ల దాన్ని రద్దు చేయించుకోవచ్చు. అందుకే కొనేవాడు అడుగుతాడు, ‘గుంటకి (పిల్లకి) ఎన్నేళ్లు?’ అని. ఆమె వయసు ఊరంతా లెక్కపెడుతుంటుంది, ప్రేమతో కాదు. కూతుళ్ల ఆస్తి హక్కు మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జోలికి మాత్రం పోకండి, మీ కథ 2005లో ఆగుతుంది.

బరంపురం అప్పడం

దస్తావేజు గారూ, లెక్క బాగుంది గానీ నవలలో ఇదంతా చెబితే పాఠకుడు పుస్తకం మూసి దిండు కింద పెట్టుకుంటాడు. పన్నెండో వంతు, మూడో వంతు అని ఎవరి నోట పలికిస్తారు?

దస్తావేజు

పలికించక్కర్లేదు. పెదనాన్న తెచ్చిన కాగితంలో రెండు చోట్ల వేలిముద్రకి ఇంకు పెట్టి ఉంటుంది, తల్లికీ మామ్మకీ. పిల్లకి ఏమీ ఉండదు. ఆమె ‘నాది ఎక్కడ?’ అంటుంది. జవాబుగా వకీలు ఆమె వైపు కాకుండా పెదనాన్న వైపు చూస్తాడు. అంతే చాలు. లెక్క రచయితకి తెలిసి ఉండాలి, పాఠకుడికి కాదు.

రెండో ముసాయిదా

ఒప్పుకుంటాను. కానీ పెదనాన్నని దొంగని చేయొద్దు. ఈ తరహా నవలల్లో సగం పాడయ్యేది అక్కడే. ఆయన దుర్మార్గుడైతే పిల్ల ఎటు వెళ్లాలో మనకి ముందే తెలిసిపోతుంది, ఇక ఎదగడానికి ఏముంది? కర్మ చేసింది ఎవరు? కొడుకు లేడు కనక ఆయనో ఆయన కొడుకో తలకొరివి పెట్టి ఉంటాడు. పది రోజులు మైల పట్టి, ఖర్చు పెట్టి, మాసికాలు పెడుతున్న మనిషి. ఆయనకి నిజంగా తమ్ముడంటే ప్రేమ ఉండాలి, పొలమూ కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉంటేనే పిల్ల ఏ నిర్ణయం తీసుకున్నా ఎంతో కొంత నష్టపోతుంది.

కర్మల్లో సంచయనం ఏ రోజు, పెద్ద దినం పదోదా, పదకొండోదా, పన్నెండోదా అన్నది కులాన్నీ ఇంటి ఆచారాన్నీ బట్టి మారుతుంది. ముందు కుటుంబాన్ని తేల్చుకుని, ఒక్క ఇంటి పద్ధతినే మొదటి నుంచి చివరిదాకా పట్టుకోండి. మూడు ఇళ్ల ఆచారాలు కలిపి వండితే మొదటి పేజీలోనే పట్టుబడతారు.

రాయగడ మాస్టారు

చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘నేనెక్కడి దాన్ని’ అన్న ప్రశ్న ఈ సరిహద్దు పిల్లలకి పుస్తకాల్లో రాదు, దరఖాస్తు ఫారంలో వస్తుంది.

మీ కథాకాలంలో ఆంధ్రలో డిగ్రీ, ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం స్థానికులవి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉంటే స్థానికులు. ఇంటర్ 2005లో ముగించాలంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు, అంటే 2001 జూన్ నాటికి పాతపట్నం బడిలో తొమ్మిదిలో చేరి ఉండాలి. ఒక్క ఏడాది ఆలస్యమైనా స్థానికురాలు కాదు. ఇటు చూస్తే ఒరిస్సా ప్రభుత్వ ఉద్యోగానికి కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైనట్టు చూపించాలి. మీ పిల్ల తండ్రి పోయిన ఏడాది ఏడులోనే ఉంది. తెలుగు మీడియం బడి ఏడుతో ఆగిపోతే, పైకి ఒడియా బడికి వెళ్లాలి, లేదా ఏరు దాటాలి.

అంటే పెదనాన్న ‘పిల్లని నా దగ్గర ఉంచండి, చదివిస్తాను’ అనే మాటకి నిజంగానే ఒక ఆఖరి తేదీ ఉంది. తల్లికి అది పిల్లని లాక్కోవడంలా వినిపిస్తుంది. పిల్లకి సీటు కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

భాష గురించి రెండు ముక్కలు. కథనమంతా యాసలో రాయకండి, నాలుగో పేజీకి చదివేవాడు అలిసిపోతాడు. కథనం మామూలు తెలుగులో, సంభాషణ యాసలో. యాసకి ఒక పది గుర్తులు ఎంచుకుని పట్టిక రాసి గోడకి అంటించండి: ఏటి, ఎల్తన్నాను, సేసీసింది, గుంట, అప్ప, బావు, ఓలమ్మ, అలాంటివి. మామ్మకి పదీ ఉండాలి, తల్లికి ఆరు, పిల్లకి బడిలో రెండు, ఇంట్లో ఆరు. పాతపట్నం చేరిన ఏడాదికి అక్కడి పిల్లలు ‘ఒడియా గుంట’ అని ఏడిపిస్తారు, సెలవులకి కిమిడి వస్తే ఇక్కడివాళ్లు ‘ఆంధ్రావాళ్లలా మాట్లాడతంది’ అంటారు. ఈ రెండో మాట మామ్మ నోట రావాలి, నవ్వుతూ. ఒడియా మాటలకి కింద అర్థాలు ఇవ్వకండి. మాఉసీ ఎవరో సందర్భమే చెబుతుంది.

కొమ్ము దువ్వెన

తండ్రి పని దగ్గరికి వద్దాం. ‘కొమ్ముని అందంగా చెక్కాడు’ అని రాసి ఉంటే ఇవాళే తీసేయండి.

కొమ్ము అంటే పైన తొడుగు, లోపల ఎముక. నానబెట్టో ఉడకబెట్టో ముందు ఎముకని వదిలించాలి, ఆ వాసన ఇంటికీ బట్టలకీ పడుతుంది. చివర గట్టిగా ఉంటుంది, అది కొంగ మెడకో పిడికో పనికొస్తుంది. మొదలు వైపు బోలు. దువ్వెనకి ఈ బోలు ముక్కని రంపంతో నిలువునా కోసి, బొగ్గుల మీద వేడి చేసి, మెత్తబడగానే పలకల మధ్య బిగించి చదును చేయాలి. చల్లారేదాకా బిగింపు వదలకూడదు, వదిలితే మళ్లీ వంకర తిరుగుతుంది. వేడి చాలకపోతే నొక్కినప్పుడు పగులుతుంది, ఎక్కువైతే బుడగలొచ్చి పొరలు విడిపోతాయి. పొర విడిపోయిన ముక్క దువ్వెనకి పనికిరాదు. తర్వాత పళ్లు కోయడం, ఆకురాయి, గరుకు కాగితం, ఆఖర్న మెరుగు. గేదె కొమ్ము నలుపు, ఆవు కొమ్ములో తెలుపు, గోధుమ రంగు చారలుంటాయి. వేడి చేసినప్పుడు వెంట్రుక కాలిన వాసన, ఎందుకంటే రెండూ ఒకే పదార్థం.

ఇందులో పిల్ల నేర్చుకోగలిగిందీ లేనిదీ వేరు చేయండి. ఆకురాయి, గరుకు కాగితం పదేళ్ల పిల్ల చేస్తుంది. వేడి చూడటం రాదు. దానికి గడియారం లేదు, చేత్తో వంచి చూడటమే. తండ్రి సగం నేర్పిన పని ఇదే కావాలి. ఆయన పోయాక మొదటి ముక్కలు అన్నీ పగలాలి. నాలుగో అధ్యాయంలో పగిలి ఐదో అధ్యాయంలో కుదిరితే ఎవరూ నమ్మరు. ఆ పని కుదిరేది 20వ అధ్యాయం దాటాకే, అదీ ఆమెకి దాని అవసరం తీరిపోయాక అయినా తప్పులేదు.

కిమిడి కలం

అందరికీ నమస్కారం. చావుని 5కి తెస్తున్నాను, తేదీ 17. పదమూడో రోజు తర్వాత రాసిన సన్నివేశం ఒకటి పెడుతున్నాను, చూడండి.

“దుకాణం మనిషి గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్న లేని ఆ ఇంట్లోకి అడుగుపెట్టడానికి అతనికి మనసు రాలేదు. పన్నెండు దువ్వెనలు చెప్పి, సగం డబ్బు ముందే ఇచ్చానన్నాడు. అమ్మ తల దించుకుంది. నాన్న చేతి స్పర్శ ఇంకా ఆ దువ్వెనల మీద ఉందని ఆమెకి అనిపించింది. అప్పుడు ఆమెకి తెలియదు, ఆ రోజే తన బాల్యం ముగిసిందని.”

రెండో ముసాయిదా

సందర్భం మంచిది, మూడు వాక్యాలు పాడుచేశాయి. దుకాణం మనిషి మనసు పిల్లకి ఎలా తెలుసు? ‘నాన్న చేతి స్పర్శ’ పన్నెండేళ్ల పిల్ల మాట కాదు. ఇక ‘అప్పుడు ఆమెకి తెలియదు’, ఆ వాక్యం నవల మొత్తంలో ఒక్కసారికి మించి ఉండకూడదు, ఇక్కడ అసలు ఉండకూడదు. ఎరుపు పెన్సిల్ తీసుకుని, ఆ వయసులో ఆమెకి తెలిసే వీలు లేని ప్రతి వాక్యం కింద గీత గీయండి. పేజీకి మూడు దాటితే ఆ పేజీని తిరగరాయాలి. ఇలా చూడండి:

“దుకాణం మనిషి చెప్పులు విప్పలేదు.
‘పన్నెండు సెప్పాను. సగం డబ్బులిచ్చీసాను.’
అమ్మ మామ్మ వైపు చూసింది. పిల్ల లోపలికెళ్లి గోనెసంచి తెచ్చి గుమ్మంలో బోర్లించింది. ఏడు పూర్తయ్యాయి. రెండింటికి పళ్లు కోసి ఉన్నాయి గానీ రుద్దలేదు. మూడు ఒట్టి పలకలు.
‘ఈ రెండూ రేపిత్తాను’ అంది.
‘మరి ఆ మూడూ?’
‘అయి నాకు రావు.’
అతను ఏడూ లెక్కపెట్టి, ఒకటి తీసి తన జుట్టులో ఒకసారి దువ్వి చూసుకుని, సంచిలో వేసుకున్నాడు.”

కొమ్ము దువ్వెన

పళ్లు కోసిన వాటిని ఒక్క రోజులో రుద్దగలదు, సరిపోయింది. కానీ దసరా కదా, పూజలో పెట్టిన ఆకురాయి మీద ఇంకా కుంకుమ ఉంటుంది. మైల ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టి ఉండరు. రేపు ఇస్తానన్న మనిషి ఆ రాత్రి ముందుగా చేయాల్సింది అది తుడవడం.

బరంపురం అప్పడం

ఇది రాయండి బాబూ, వేరే అలంకారం అక్కర్లేదు.

గుణుపురం బండి

చావు కబురు ఎలా చేరిందో కూడా చూసుకోండి. 1999లో ఇంట్లో ఫోను ఉండదు, సెల్లు అసలే లేదు. బరంపురం నుంచి కిమిడి బజారులోని ఎస్టీడీ బూతుకి ఫోను, అక్కడి కుర్రాడు ఇంటికి పరుగు. కానీ తుపానుకి తీగలు తెగి ఉంటాయి, కాబట్టి కబురు రెండు రోజులు ఆలస్యంగా, మనిషి ద్వారా రావాలి. బస్సు దిగిన మనిషి ముందు ఎవరింటికి వెళ్లాడన్నది తేల్చండి. కిమిడిలో భార్య దగ్గరికా, ఏరు దాటి అన్న దగ్గరికా? పాతపట్నం పక్కనే కాబట్టి రెండూ నమ్మేలా ఉంటాయి.

కిమిడి కలం

అన్న దగ్గరికి వెళ్తాడు. భార్యకి తెలిసేసరికి కర్మ ఎవరు చేయాలో తేలిపోయి ఉంటుంది. 6వ అధ్యాయం అలా మొదలుపెడతాను. 21 రోజుల కాగితం 8లో, వేలిముద్రలు 17లో, 2001 జూన్ బడి 13లో పెట్టాలనుకుంటున్నాను. మధ్యలో 9 నుంచి 12 వరకు ఏం నడపాలో ఇంకా తోచలేదు.

రాయగడ మాస్టారు

అక్కడ గుణుపురం పెట్టండి. తల్లి పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్తుంది, ఒక వేసవికి అని. పిల్ల అక్కడ అతిథి, తల్లి అక్కడ ఆడపడుచు, ఇద్దరి స్థానం ఒకటి కాదు. వదినగారు మొదటి నెల కూర్చోబెట్టి వడ్డిస్తుంది, రెండో నెల గిన్నెలు ముందు పెట్టి వెళ్తుంది. ఆ నాలుగు అధ్యాయాలకీ అది చాలు. చిన్న బండి ఇంకా నడుస్తున్న కాలం కనక, రైలు కావాలంటే అక్కడ వాడుకోండి.

రెండో ముసాయిదా

ఇంకొక్కటి. మీ జాబితాలో పెదనాన్న, మేనమామ, వకీలు, దుకాణం మనిషి నలుగురి పేర్లూ ‘ర’తోనే మొదలవుతున్నాయి. ఇద్దరివి మార్చండి.